శస్త్రవైద్య పరిశోధన, పత్రసమర్పణ: ఈథరు నేర్పిన పాఠం

మన ప్రవాసాంధ్ర కుటుంబాలలో వైద్యవిద్య నభ్యసిస్తున్న యువతీ యువకులు ఎందరో ఉన్నారు. సదస్సుకు పోస్టరు తయారుచేస్తున్నామనీ, పది నిమిషాల ప్రసంగానికి సిద్ధమవుతున్నామనీ వారు చెప్పగా తల్లిదండ్రులు వింటూనే ఉంటారు. రెసిడెన్సీ దరఖాస్తులో మరొక పంక్తి చేరడానికే ఈ శ్రమ అంతా అని కొందరికి తోచవచ్చు. శస్త్రవైద్య చరిత్రను పరికిస్తే మాత్రం, పరిశోధనను తోటివారి ముందు పెట్టడమనేది రోగి ప్రాణంతో ముడిపడిన విషయమని తెలుస్తుంది. ఈ సత్యాన్ని విశదం చేయడానికి మత్తుమందుల చరిత్రను మించిన ఉదాహరణ లేదు. అందులో ఒక ఘట్టం మనం నివసిస్తున్న ఈ అమెరికాలోనూ, మరొకటి మన హైదరాబాదులోనూ జరిగాయి.

మొదట ఆ రసాయనాన్ని పరిచయం చేసుకుందాం. ఆల్కహాలును గాఢ గంధకామ్లంతో కలిపి వేడిచేస్తే ఈథరు లభిస్తుంది. పూర్వులు దీనిని సల్ఫ్యూరిక్ ఈథరు అని పిలిచారు గాని, దీని అణువులో గంధకం లేశమైనా లేదు. ఉన్నవి నాలుగు కార్బను, పది హైడ్రోజను, ఒక ఆక్సిజను పరమాణువులు మాత్రమే. ఇది 34.6 డిగ్రీల సెల్సియస్ వద్దనే, అంటే మన దేహపు వేడికే మరుగుతుంది. పీల్చడానికి వీలైన మందు కావడానికి కారణం ఈ గుణమే. దీనికి ఘాటైన, ఒకసారి ఎరిగినవారు మరువలేని వాసన ఉంది. ఈ వాసన సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. కథలో దానికి పాత్ర ఉంది.

1842 మార్చి 30న జార్జియా రాష్ట్రంలోని జెఫర్సన్ అనే చిన్న ఊరిలో క్రాఫర్డ్ లాంగ్ అనే వైద్యుడు ఒక యువకునికి ఈథరు పీల్పించి, మెడమీది కణితిని నొప్పి తెలియకుండా తొలగించాడు. ఇది ఒక మహత్తర ఆవిష్కరణ. అయితే లాంగ్ దానిని వెంటనే ప్రకటించలేదు. ఫలితం ఈథరుదేనా, రోగి మనోబలానిదా అని తేల్చుకోవడానికి మరికొన్ని శస్త్రచికిత్సలు చేసి చూడాలని ఆయన ఆగాడు. పల్లెటూరి వైద్యునికి అటువంటి అవకాశాలు తరచుగా రావు. ఆయన పత్రం వెలువడినది 1849 డిసెంబరులో. ఈ మధ్య కాలంలో ఎంతమంది రోగులు కత్తిబాధను పూర్తి స్పృహలో అనుభవించారో ఊహించుకోవలసిందే. లాంగ్ సంశయం శాస్త్రజ్ఞునికి తగినదే. మౌనం మాత్రం తగినది కాదు. సంశయాన్ని కూడా పత్రంలో వ్రాయవచ్చును గదా! లాంగ్ చేసిన ఆ తొలి చికిత్స జరిగిన మార్చి 30వ తేదీనే నేడు అమెరికాలో వైద్యుల దినంగా జరుపుకుంటున్నారు.

రెండవవాడు హార్ట్‌ఫర్డ్ నగరపు దంతవైద్యుడు హోరేస్ వెల్స్. 1844 డిసెంబరులో నైట్రస్ ఆక్సైడు పీల్చి తన పన్నునే నొప్పి లేకుండా తీయించుకున్నాడు. మరుసటి నెలలో బోస్టన్ వెళ్లి, వైద్యవిద్యార్థుల ఎదుట ఆ విధానాన్ని ప్రదర్శించాడు. వాయువు సంచిని ముందుగా తీసివేసినందున రోగి కేకపెట్టాడు, సభ నవ్వింది, వెల్స్ అవమానభారంతో తిరిగివెళ్లాడు. నైట్రస్ ఆక్సైడు బలహీనమైన మత్తుమందు అనీ, సాధారణ వాయుపీడనంలో అది ఒక్కటే పూర్తి మత్తు నివ్వజాలదనీ నేడు మనకు తెలుసు. కాని ఒక్క ప్రయోగం విఫలమైనంత మాత్రాన భావమే తప్పని తేల్చిన ఆ సభ కూడా తన బాధ్యతను నెరవేర్చలేదు. ఎంత మోతాదు, ఎంతసేపు, ఎందరిలో ఫలించింది అని అడిగినవారు ఉంటే కథ వేరుగా ఉండేది.

మూడవవాడు విలియం మోర్టన్. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈయన రోగికి మత్తు ఇవ్వగా, జాన్ కాలిన్స్ వారెన్ అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుడు మెడమీది కణితికి శస్త్రచికిత్స చేశాడు. రోగి కేకలు వేయలేదు. సభికులు నివ్వెరపోయారు. అయితే మోర్టన్ తన మందుకు రంగు, సువాసన కలిపి, 'లీథియాన్' అని పేరుపెట్టి, అదేమిటో చెప్పకుండా దాచాడు. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ జాక్సన్‌తో కలిసి పేటెంటు కూడా పొందాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనేవారిని మనం ఎరుగుదుము. మోర్టన్ చెట్టు పేరు దాచి కాయలమ్మబోయాడు. కాని ఈథరు వాసన దాగేది కాదు. పైగా, ఏమిటో తెలియని మందును రోగులకు ఇవ్వడానికి ఆసుపత్రి శస్త్రవైద్యులు సమ్మతించలేదు. నవంబరు 7న జరిగిన కాలు తొలగింపు చికిత్సకు ముందు అది ఈథరేనని మోర్టన్ ఒప్పుకోవలసివచ్చింది.

లోకానికి ఈ విద్యను అందించినది మోర్టన్ ప్రదర్శన కాదు, హెన్రీ బిగెలో అనే యువ శస్త్రవైద్యుని పత్రం. ఆయన దానిని నవంబరు 9న బోస్టన్ వైద్యుల సంఘంలో చదివాడు. నవంబరు 18న బోస్టన్ మెడికల్ అండ్ సర్జికల్ జర్నల్‌లో అది అచ్చయింది. ఆ పత్రికే నేటి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్. ఏ రోగికి ఎన్ని నిమిషాలు పీల్పించారు, నాడి ఎలా నడిచింది, ఎప్పుడు తెలివి వచ్చింది అనే వివరాలు అందులో ఉన్నాయి. చదివిన వైద్యుడు ఎక్కడి వాడైనా స్వయంగా చేసి చూడగలడు. వార్త ఓడమీద అట్లాంటిక్ దాటింది. డిసెంబరు 21న లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఈథరు మత్తులో రోగి కాలు తొలగించాడు. జార్జియాలో నాలుగేండ్లు ఒక ఊరు దాటని విద్య, బోస్టన్ నుండి అయిదు వారాలలో సముద్రం దాటింది. తేడా మందులో లేదు, సమర్పణలో ఉంది.

అయితే సభలో సమర్పించినదీ, పత్రికలో అచ్చయినదీ అంతా సత్యమేనా? దీనికి సమాధానం హైదరాబాదు చెబుతుంది. 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టాడు. అది ఈథరువలె మండదు, త్వరగా మత్తెక్కిస్తుంది. కాని 1848 జనవరిలోనే ఇంగ్లండులో పదిహేనేండ్ల బాలిక ఆ మత్తులో చనిపోయింది. ఇటువంటి మరణాలకు కారణం శ్వాస ఆగడమా, గుండె ఆగడమా అన్న వివాదం దశాబ్దాలు నడిచింది. హైదరాబాదు వైద్య పాఠశాల అధ్యక్షుడు ఎడ్వర్డ్ లారీ, ముందు ఆగేది శ్వాసయేననీ, దానిని కనిపెట్టుకొని ఉంటే ప్రమాదం లేదనీ దృఢంగా నమ్మాడు. ఈయన ఏర్పాటు చేసిన మొదటి క్లోరోఫారం కమిషన్ 1888లో అదే తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక సందేహం వెలిబుచ్చింది. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ నిపుణుణ్ణే పంపి పరీక్షించండని కోరింది. లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. రెండవ కమిషన్ కూడా లారీ మాటనే సమర్థించింది. నివేదిక 1890లో లాన్సెట్‌లో సవివరంగా వెలువడింది.

ఆ నిర్ణయం సరైనది కాదని తరువాత తేలింది. 1911లో ఇంగ్లండులో లెవీ అనే పరిశోధకుడు పిల్లులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్న దశలోనే గుండె గదులు లయ తప్పి, అదిరిపడుతూ హఠాత్తుగా ఆగిపోగలవని నిరూపించాడు. మోతాదు మించడం ఒక్కటే ప్రమాదమనుకొన్నవారికి ఇది ఊహకందని విషయం. మరి హైదరాబాదు శ్రమ వృథాయేనా? కాదు. సందేహించిన వారినే పిలిచి, వారి ఎదుట ప్రయోగాలు జరిపి, వివరాలన్నీ అచ్చువేయడం వల్లనే ఇతరులు వాటిని పరీక్షించి, లోపం ఎక్కడుందో వెదకగలిగారు. దాచిన సత్యం లాంగ్ చేతిలో ఏడేండ్లు నిరుపయోగంగా ఉండిపోయింది. బయటపెట్టిన పొరపాటు శాస్త్రాన్ని ముందుకు నడిపింది.

నేటి సదస్సుల నియమాలన్నీ ఇటువంటి అనుభవాలనుండి పుట్టినవే. పత్రంలో ప్రశ్న, విధానం, ఫలితం, చర్చ అనే నాలుగు భాగాలుంటాయి. వీటిలో విధానమే ప్రాణం. అది లేని పత్రం లీథియాన్ సీసా వంటిది. అచ్చుకు ముందు తోటి నిపుణులు పత్రాన్ని పరిశీలించడం, ఆర్థిక సంబంధాలను వెల్లడించడం కూడా నేటి ఆచారాలు. రోగులను చేర్చుకొనడానికి ముందే క్లినికల్ ట్రయల్‌ను బహిరంగ పట్టికలో నమోదు చేయాలని ప్రముఖ వైద్యపత్రికల సంపాదకులు 2005 నుండి నియమం పెట్టారు. నచ్చని ఫలితాలను పెట్టెలో దాచుకొనే అలవాటుకు ఇది కళ్లెం.

శస్త్రవైద్యంలో మరొక చిక్కు ఉంది. మాత్ర ఎవరి చేతినుండి వచ్చినా ఒకటే. కత్తి మాత్రం పట్టిన చేతినిబట్టి మారుతుంది. కాబట్టి ఎన్ని చికిత్సలు చేశారు, మొదటి పదింటికీ తరువాతి వాటికీ తేడా ఏమి, ఎందరికి ఉపద్రవాలు వచ్చాయి, ఎంతకాలం రోగులను గమనించారు అన్నవి తప్పక చెప్పాలి. విజయాలను మాత్రమే ఏరి చూపితే, ఆ పద్ధతిని అనుసరించే మరొక వైద్యుని రోగి దాని మూల్యం చెల్లిస్తాడు.

కనుక మన బిడ్డలు పోస్టరు చుట్టచుట్టి సదస్సుకు బయలుదేరేటప్పుడు, బహుమతి వస్తుందా అని అడగడంతో ఆగవద్దు. "నీ పత్రం చదివినవారు ఆ పని తిరిగి చేసి చూడగలరా? ఫలించనివి కూడా చెప్పావా? నీకున్న సందేహాన్ని వ్రాశావా?" అని అడుగుదాం. సభలో ఎవరైనా కఠినంగా ప్రశ్నించారని వారు చిన్నబోతే, ఆ ప్రశ్న వల్ల రేపు ఎవరో ఒక రోగి బతకవచ్చునని ధైర్యం చెబుదాం. విద్యాధనం పంచినకొద్దీ పెరుగుతుందని మన పెద్దలు చెప్పారు. వైద్యవిద్యకు పరిశుద్ధి కూడా ఆ పంపకంలోనే ఉంది.