ఏరువాక పున్నమి

జ్యేష్ఠ శుద్ధ పౌర్ణమిని తెలుగువారు ఏరువాక పున్నమి అని వ్యవహరిస్తారు. ఎద్దులను కట్టి దున్నడానికి సిద్ధపరచిన నాగలికి ‘ఏరు’ అని పేరు. దుక్కి ఆరంభించడమే ఏరువాక. మన పండుగలలో అధికభాగం దేవతల పుట్టుకలకో, విజయాలకో సంబంధించినవి. ఇది మాత్రం ఎద్దుకూ, మడకకూ, మన్నుకూ చెందిన పండుగ. దీని మూలభావన ప్రాచీనమైనదే. విష్ణుపురాణంలో శ్రీకృష్ణుడు గోకులంలోని పెద్దలతో మాట్లాడుతూ, విప్రులకు మంత్రయజ్ఞం ఎట్లాగో కర్షకులకు సీరయజ్ఞం అట్లాగని చెబుతాడు. సీరమంటే నాగలి.

కాలువల నీరు పారే డెల్టా ప్రాంతంలో ఏరువాక కేవలం వేడుక. అనంతపురం పీఠభూమిలో వేడుక వెనుక దిగులు కూడా ఉంటుంది. ధర్మవరం, కదిరి పట్టణాల నడుమ ఉన్న ముదిగుబ్బ ఇటువంటి మెట్టసీమలోనిదే. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో భాగమై, తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మండలం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి మేఘాలు కనుమలకు ఆవలనే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య ఋతుపవనం కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి బలహీనపడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలు తగ్గుముఖం పట్టి, మృగశిర కార్తె గాలులు వీచే రోజులలో ఏరువాక వస్తుంది. ఆనాటి ఉదయం రైతులు ఎద్దులను చెరువుకో, బావికో తోలుకొని పోయి శుభ్రంగా కడుగుతారు. కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వలపట్టెడలు కట్టి, నొసట పసుపు కుంకుమలు దిద్దుతారు. మడకనూ, కాడిమానునూ, గొర్రునూ కడిగి వాకిట నిలిపి పూజిస్తారు. ఇంట్లో పొంగలి, ఓళిగలు వండుతారు. మొదటి ముద్ద ఎద్దులదే; మనుషుల వంతు ఆ తరువాత. ఏడాది పొడవునా ములుకోల దెబ్బలు తిన్న పశువుపై ఆనాడు చెయ్యెత్తకూడదని పెద్దలు పెట్టిన కట్టడి ఈ పండుగలోని మర్యాదలన్నింటిలోకి గొప్పది.

సాయంకాలపు ఘట్టం మరింత రసవత్తరం. ఊరి మొగలో గోగునారతో పేనిన తోరణం కడతారు. అలంకరించిన ఎద్దులను దాని కిందుగా పరుగెత్తిస్తారు. తోరణం తెగగానే ఆ నారపోగుల కోసం జనం ఎగబడతారు. దొరికిన పోగును ఎద్దు మెడకో, కాడికో కడితే పశువుకు రోగం రాదని, పంట దిగుబడి పెరుగుతుందని విశ్వాసం. కన్నడనాట ఇదే పున్నమిని ‘కార హుణ్ణిమె’ అంటారు. అక్కడ పందెంలో ముందుగా వచ్చిన ఎద్దు రంగును బట్టి ఆ ఏడు ఏ పంట బాగా పండుతుందో చెప్పుకొంటారు. ఎద్దు రంగుకూ పంటకూ సంబంధమేమిటని చదువుకున్నవారు ప్రశ్నించవచ్చు. అప్పు తెచ్చిన విత్తనాలు ఇంట ఉంచుకొని ఆకాశం వైపు చూసే మనిషికి ఏదో ఒక సూచన కావాలి.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. పున్నమి పంచాంగం ప్రకారం వస్తుంది, వాన అట్లా రాదు. అందుచేత నేలలో పదును లేని ఏడు రైతులు శాస్త్రానికి ఒకటి రెండు చాళ్లు దున్ని మడకను ఇంటికి తెచ్చుకుంటారు. అసలు విత్తుకు పదును వాన పడాలి. ఈ ఎర్రనేలలు లోతులేనివి, తేమను కొద్దిరోజులకు మించి నిలుపుకోలేవు. వేరుశెనగ మొలిచిన తరువాత, ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే కాయ ఊరదు. తొందరపడి విత్తితే విత్తనం దండుగ, ఆలస్యం చేస్తే అదను దాటిపోతుంది. పంట పోయిన ఏటి బాకీ తీర్చడానికి బెంగళూరు దారి పట్టిన కుటుంబాలు ఈ సీమ పల్లెలలో కోకొల్లలు.

ఏరువాక దాటినా చినుకు రాలకపోతే మరొక వరుస ఆచారాలు మొదలవుతాయి. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ కప్పను కట్టి, పిల్లలు ఇంటింటికీ తిరుగుతారు. ఇల్లాలు కప్పపై కడివెడు నీళ్లు కుమ్మరించి, పిల్లలకు గింజలు పెడుతుంది. దీనిని కప్పతల్లి ఆట అంటారు. తాగునీటికే కటకటగా ఉన్న రోజులలో ఆ కడివెడు నీళ్ల విలువ ఎంతో ఊహించవచ్చు. కప్పలకు, గాడిదలకు పెళ్లిళ్లు చేసే ఊళ్లూ ఉన్నాయి.

గుడి అరుగుపై విరాటపర్వం చదివించడం వీటికంటె భిన్నమైన ఆచారం. దానికి భారతంలోనే ఒక ఆధారం ఉంది. అజ్ఞాతవాసంలోని పాండవులను ఎట్లా కనుగొనాలని కౌరవులు ఆలోచించినప్పుడు, ధర్మరాజు నివసించే దేశంలో మేఘాలు సకాలంలో వర్షిస్తాయని భీష్ముడు చెబుతాడు. అది శత్రువు జాడ తీయడానికి చెప్పిన గుర్తు. పల్లెవాసులు దానిని తిప్పి, ఆ కథ వినిపిస్తే వాన వస్తుందని గ్రహించారు.

ఇటువంటి పండుగలు మన దేశానికే పరిమితం కావు. జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో ఏటా జూన్ మొదటి ఆదివారం ‘మిబు నో హనా తావుయే’ అనే నాట్ల పండుగ జరుగుతుంది. అక్కడ కూడా పశువులను అందంగా అలంకరించి పొలం దున్నిస్తారు. డోలు దరువులకు అనుగుణంగా స్త్రీలు పాడుతూ వరినాట్లు వేస్తారు. పొలానికి అధిదేవత సన్‌బాయ్. యునెస్కో 2011లో దీనిని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. జపాన్‌వారికే ‘తానబాత’ అనే మరొక వేసవి పండుగ ఉంది. పాలపుంతకు ఇరువైపులా విడిపోయిన ఇద్దరు ప్రేమికులు ఆ ఒక్కరాత్రి కలుసుకుంటారని దాని కథ. ఆ రెండు నక్షత్రాలు మన జ్యోతిషంలోని అభిజిత్తు, శ్రవణం. ఆనాడు వాన కురిస్తే ఆకాశనది పొంగి వారి కలయికకు అడ్డమవుతుందని అక్కడివారు చింతిస్తారు. అనంతపురం రైతు ఆ కథ వింటే వాన పక్షమే వహిస్తాడు.

నేడు ఏరువాక రూపం మారుతున్నది. వ్యవసాయ విశ్వవిద్యాలయం జిల్లాలలో నెలకొల్పిన సలహా కేంద్రాలకు ‘ఏరువాక కేంద్రాలు’ అనే పేరు నిలిచింది కాని, ఊళ్లలో కాడెద్దులు తగ్గిపోయాయి. మేత కొనలేక కరవు ఏళ్లలో అమ్ముకున్న ఎద్దులను చాలామంది మళ్లీ కొనలేదు. ఇప్పుడు దుక్కికి ట్రాక్టరు బాడుగకు వస్తుంది. పున్నమినాడు దానికే పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, టెంకాయ కొడతారు. ఓళిగలు మాత్రం వండుతూనే ఉన్నారు.