రాత్రి పనికి ట్రాక్టరు అదనపు దీపములు – ఎన్నిక, అమరిక



కాలువకు నీరు వదలిన వారము దినములలో ఊరంతయు ఒక్కసారిగా దమ్ముకు దిగును. ఊరిలో ట్రాక్టర్లు నాలుగుండగా వాటికొరకు ఎదురుచూచువారు నలుబదిమంది యుందురు. వేసవి దుక్కులలోనైనచో పగటి ఎండ 42, 43 డిగ్రీలు దాటుటచే డ్రైవరు ప్రొద్దుగ్రుంకిన పిదపనే బండి ఎక్కగోరును. కావున రాత్రి పని తప్పదు. ట్రాక్టరుతో వచ్చిన హెడ్‌లైట్లు బాటమీద నడచుటకు ఉద్దేశింపబడినవే గాని మడిలో పనికి చాలవు. అందుచే చాలమంది అదనముగా దీపములు బిగించుకొనుచున్నారు. బిగించుకొనుట మంచిదే. కాని ఏ దీపము, ఎచ్చట, ఎట్టి తీగతో అను విషయము దుకాణదారుని మాటకే విడిచిపెట్టుట మంచిది కాదు.

మొదట పని సంగతి చూతము. దమ్ములోగాని దుక్కిలోగాని ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల వేగముతో పోవుననుకొనుడు. అనగా సెకనుకు 1.4 మీటర్లు. ముందు 15 మీటర్ల దూరము చక్కగా కనబడినచో డ్రైవరుకు పది సెకన్ల పైబడి వ్యవధి యుండును. ఇది పుష్కలము. కావున అర కిలోమీటరు దూరము కాంతి విసరు దీపము మనకు నిష్ప్రయోజనము. దీపములలో కాంతిని సన్నని ధారగా దూరమునకు పంపునవి కొన్ని, విసనకర్రవలె వెడల్పుగా పరచునవి కొన్ని. దుకాణములో గోడమీద వేసి చూపునప్పుడు మొదటి రకము కన్నులు చెదరునట్లు వెలుగును, కొనువాడు దానికే మోజుపడును. పొలములో కావలసినది రెండవ రకము. 60 డిగ్రీలు గాని అంతకు మించి గాని వెడల్పుగా పరచు దీపమును అడుగుడు. గట్టు, గట్టు ప్రక్కనున్న బోదె, మడి మూలనున్న రాయి, వీని నన్నిటిని ఒక్క చూపులో చూపునది అదియే.

ఇక వెలుగు లెక్క. హాలోజన్ బల్బు 55 వాట్లది సుమారు 1,400 ల్యూమెనుల కాంతి నిచ్చును. అనగా వాటుకు 25. మంచి ఎల్.ఇ.డి. దీపము వాటుకు 80 నుండి 100 ల్యూమెనుల వరకు ఇచ్చును. కావున నిజమైన 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము 55 వాట్ల హాలోజన్ కంటె తక్కువ వెలుగదు. "నిజమైన" అని నేనేల అంటినో చెప్పెదను. పెట్టెమీద 120 వాట్లని అచ్చువేసిన చిన్న దీపములు బజారులో కుప్పలుగా నున్నవి. ఒకదానిని మల్టీమీటరుతో పరీక్షించితిని. 12 వోల్టుల బ్యాటరీపై అది తీసికొన్నది 2 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వాట్లు వచ్చును గదా! అది 24 వాట్ల దీపము మాత్రమే. ఈ పరీక్ష ఆటో ఎలక్ట్రీషియను రెండు నిమిషములలో చేసి చూపగలడు. దానిని చేయించకుండ డబ్బు చెల్లింపకుడు. దీపమును చేతితో ఎత్తి చూచుట కూడ ఒక పరీక్షయే. వెనుక దళసరి అల్యూమినియము రెక్కలు లేని తేలిక దీపము వేడిని బయటికి పంపలేదు. వేడి నిలిచినచో ఎల్.ఇ.డి. ఆయువు తగ్గును.

మీ ట్రాక్టరు ఎంత కరెంటు పుట్టించునో కూడ తెలిసికొనవలెను. మనము వాడుకలో డైనమో అనెడి ఆల్టర్నేటరుపై ఆ అంకె వ్రాసియుండును, లేదా బండితో ఇచ్చిన పుస్తకములో దొరకును. ఉదాహరణకు అది 36 ఆంపియర్లనుకొనుడు. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు అంతయు రాదు. నాలుగు హాలోజన్ దీపములు 18 ఆంపియర్లు తీసికొనును, బండి సొంత హెడ్‌లైట్లు మరియొక 9. బ్యాటరీకి మిగులునది స్వల్పము. ఇంజను ఆపి ఆ నాలుగింటిని వెలిగించియుంచినచో 75 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు గంటలలో సగము ఖాళీ యగును. ఆపై సెల్ఫ్ అందుకొనుట అనుమానమే, అర్ధరాత్రి మడి నడుమ బండిని త్రోయువారు దొరకరు. అవే నాలుగు 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములైనచో 7 ఆంపియర్లకు లోబడియే యుండును. పాత ట్రాక్టరు గలవారు ఈ ఒక్క కారణముచేతనైనను ఎల్.ఇ.డి.నే ఎన్నుకొనవలెనని నా అభిప్రాయము.

రంగు విషయమున ఒక మాట. 6,000 కెల్విన్లు, ఆపైనున్న నీలితెలుపు కాంతి చూచుటకు ప్రకాశవంతముగా దోచును గాని దుమ్ములో అది కన్నులకే తిరిగి కొట్టును. 4,000 ప్రాంతమున నున్నది కంటికి హాయి. మరియొక లాభము మా శాస్త్రమునకు సంబంధించినది. కాండము తొలుచు పురుగు రెక్కల పురుగులు, సుడిదోమ దీపమునకు వచ్చునని మీరెరుగుదురు. దీపపు ఎరలు పెట్టుట అందులకే. నీలిపాలు ఎక్కువగానున్న కాంతికి పురుగులు ఎక్కువగా చేరును, పసుపు కలిసిన తెలుపునకు తక్కువ. వానకాలపు రాత్రి నోటిలో, కంటిలో పురుగులు పడుచుండగా దమ్ము చేసినవారికి ఈ భేదము విలువ తెలియును.

దమ్ములో బురద నీరు నాలుగు ప్రక్కలకు చిమ్మును. దీపముపై ఐ.పి. 67 అను గుర్తు ఉండవలెను. మొదటి అంకె 6 దుమ్ము చొరదనుటకు, రెండవ అంకె 7 మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను లోనికి నీరు పోదనుటకు గుర్తు. అయినను దీపముకంటె ముందు చెడునది దాని తీగ అతుకే. అతుకును విప్పి గట్టిగా బిగించుకొనుటకు వీలున్న రబ్బరు సీలు గల కనెక్టరు వాడుడు. టేపు చుట్టిన అతుకులో ఒక పంటకాలములోనే పచ్చని చిలుము పుట్టును.

తీగ లావు గూర్చి రైతులు మిక్కిలి అశ్రద్ధ చూపుచున్నారు. రెండు హాలోజన్ దీపములకు 9 ఆంపియర్లు పోవును. పోయి వచ్చు దూరము కలిపి 8 మీటర్ల తీగ 1 చదరపు మిల్లీమీటరుదైనచో దానిలోనే ఒకటింబాతిక వోల్టు హరించుకుపోవును. వోల్టేజి పదింట ఒక వంతు తగ్గినచో హాలోజన్ వెలుగు దాదాపు మూడింట ఒక వంతు తగ్గును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము అర వోల్టే. తీగలోని ఆదా అంతయు వెలుగులో పోగొట్టుకొనుచున్నాము.

కరెంటును నేరుగా డాష్‌బోర్డు స్విచ్చి గుండా పంపరాదు, స్విచ్చి కాలిపోవును. రిలే పెట్టవలెను. దాని కాళ్లపై అంకెలుండును. బ్యాటరీనుండి ఫ్యూజు ద్వారా 30కి, 87 నుండి దీపములకు, స్విచ్చినుండి 86కు, 85 నుండి ఎర్త్‌కు కలుపవలెను. రెండు హాలోజన్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు చాలును. దానిని బ్యాటరీకి జానెడు దూరములోనే ఉంచుడు. ఫ్యూజు కాపాడునది దీపమును కాదు, తీగను. దీపము దగ్గర ఫ్యూజు పెట్టి నడుమ తీగ మడ్‌గార్డు అంచుకు ఒరసికొనినచో, ఫ్యూజు చెక్కుచెదరకయుండగనే తీగ కాలును. ట్రాక్టరుపై డీజిలు తడి, గడ్డి పరక ఎల్లప్పుడు నుండునవే. హాలోజన్ దీపముల అద్దము కూడ మిక్కిలి వేడెక్కును గనుక దానిపై పొట్టు పేరుకొననీయరాదు.

ముందు దీపములను టాపు ముందుమూలలకు, ఎంత ఎడముగా వీలైన అంత ఎడముగా బిగించుడు. డ్రైవరు కంటికి దగ్గరగానున్న దీపము దుమ్మును మాత్రమే చూపును. నీరు నిలిచిన మడిలో ముందుకు పడిన కాంతి నీటిపై జారి ముందుకే పోవును, మడి నల్లగా కనబడును. ఎక్కువ దీపములు పెట్టినను ఇది మారదు. అట్టిచోట ఒక దీపమును గట్టు వైపునకు త్రిప్పియుంచుట మేలు.

వెనుక దీపము గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. రోటవేటరు, నాగలి వెనుకనుండును, డ్రైవరు మాటిమాటికి తిరిగి చూచునది అటే. పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 సార్లు, అనగా సెకనుకు 9 సార్లు తిరుగును. చీకటిలో దాని దగ్గరకు వచ్చిన మనిషి లుంగీ అంచు కనబడదు. చేతిలో రెండు దీపములకే డబ్బున్నచో ఒకదానిని తప్పక వెనుక పెట్టుడు.

అయితే ఆ వెనుక దీపమే బాటమీద ప్రమాదకారి. పదకొండేండ్ల క్రితము మా మేనమామగారు రాత్రి మోపెడుపై ఇంటికి వచ్చుచుండగా ఎదుట తెల్లని పెద్ద వెలుగు కనబడెను. ఎదురు వచ్చుచున్న బండి యనుకొని, అది తన ప్రక్కగా పోవునని ఎడమకు ఒదిగిరి. అది ఎదురు వచ్చుచున్నది కాదు. దమ్ము ముగించుకొని ఆయన పోవు దిక్కునకే మెల్లగా పోవుచున్న ట్రాక్టరు. టాపు వెనుక దీపము ఆర్పుట మరచినారు. దాని క్రింద ఖాళీ ట్రాలీకి ఎర్ర దీపము లేదు, రిఫ్లెక్టరు బురదలో కప్పబడియున్నది. మామగారి కుడికాలు మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చెను. ఆ ట్రాక్టరు యజమాని మాకు తెలిసినవాడే, జాగ్రత్తపరుడే. ఆనాడు అతడు ఆసుపత్రిలో మాతోపాటు తెల్లవారువరకు కూర్చుండెను.

కావున వెనుక దీపమునకు వేరే స్విచ్చి, ఆ స్విచ్చిలో వెలుగు ఎర్ర సూచిక ఉండవలెను. అంతకంటె మంచి పద్ధతి కలదు. రిలేకు కరెంటు బండి హెడ్‌లైటు స్విచ్చి ఆర్పియున్నప్పుడే అందునట్లు ఎలక్ట్రీషియనుచే అమర్పించుడు. అప్పుడు బాటకెక్కి హెడ్‌లైటు వేయగానే పని దీపములన్నియు వాటంతటవే ఆరును. మడిలో హెడ్‌లైట్లు లేకున్నను టాపు దీపములు చాలును గనుక నష్టము లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 111వది, రిజిస్టరు చేయు అధికారి అనుమతి లేనిదే వాహనము ముందు స్పాట్ లైటుగాని సెర్చి లైటుగాని ఉండరాదని చెప్పుచున్నది. దుకాణదారు ఈ మాట చెప్పడు.

వరికోత యంత్రము విషయమున దీపములపై ఎక్కువ ఆశ పెట్టుకొనవలదు. మంచు పడిన పిదప తడిసిన గడ్డి డ్రమ్ములో సరిగా నలగదు, గింజ గడ్డితో పోవును. ఎన్ని దీపములు పెట్టినను మంచు ఆరదు. తుపాను వార్త విని తొందరపడు రోజులలో మంచు దిగువరకు కోసి, ఆపి, మరునాడు మంచు ఆరిన పిదప మొదలిడుట లాభము. కోత సాగుచున్నంతసేపు మాత్రము పనలపైగాని గట్టుపైగాని ఎవరును పండుకొనకుండ చూచుకొనుడు.

ట్రాలీ వెనుక రెండు ఎర్ర ఎల్.ఇ.డి. దీపములు, ఎర్ర రిఫ్లెక్టరు టేపు, ప్రక్కలకు పసుపు టేపు, వీని ఖర్చు ఒక పని దీపము ఖర్చుకంటె హెచ్చుకాదు. ట్రాలీ తీగను లాగినచో ఊడివచ్చు ప్లగ్గుతో కలుపుడు, లేనిచో మొదటి మలుపులోనే తెగును. డ్రైవరు దగ్గర ఒక తడిగుడ్డ, ఒక సీసా నీరు ఉంచుడు. మడినుండి బాటకెక్కు చోట బండి ఆపి, వెనుకకు పోయి, ఎర్ర దీపములను, టేపును తుడిచి, అవి వెలుగుచున్నవో లేదో కంటితో చూచి బయలుదేరవలెను.