దానియేలు దర్శనములోని పొట్టేలు, మేకపోతు

దస్తావేజులో నొక పదమునకు వ్రాసినవాఁడే యర్థము చెప్పియుండఁగా, దానిని విడిచి వేఱొక యర్థమును కల్పించు వకీలు వాదమును ఏ న్యాయాధిపతియు నంగీకరింపఁడు. దర్శనగ్రంథములను చదువునపుడు మాత్ర మీ నియమమును పలువురు మఱచుచున్నారు.

బైబిలులోని దానియేలు గ్రంథమున ఎనిమిదవ యధ్యాయమును చూడుఁడు. రెండు కొమ్ముల పొట్టేలొకటి పడమటికిని, ఉత్తరమునకును, దక్షిణమునకును పొడుచుచుండును. పడమటనుండి నేలను తాఁకక పరుగెత్తివచ్చిన మేకపోతు దాని కొమ్ములు విఱుగఁగొట్టి త్రొక్కును. పిదప మేకపోతు కన్నుల నడుమనున్న పెద్దకొమ్ము విఱిగి, దానికి మాఱుగా నాలుగు కొమ్ములు మొలచును. వానిలో నొకదానినుండి బయలువెడలిన చిన్నకొమ్ము నిత్యబలిని మాన్పించును.

ఇంతవఱకు స్వప్నమువలె నున్నది. కాని గబ్రియేలు దూత యచ్చటనే యర్థము చెప్పుచున్నాఁడు: పొట్టేలు మాదీయ పారసీక రాజులు, మేకపోతు గ్రీకురాజ్యము, పెద్దకొమ్ము దాని మొదటి రాజు. క్రీ.పూ. 323 లో అలెగ్జాండరు మృతినొందఁగా సేనానులు రాజ్యమును పంచుకొనిరి. చిన్నకొమ్ము సిరియా నేలిన నాలుగవ అంటియోకసని పెక్కుపండితుల నిర్ణయము. అతఁడు క్రీ.పూ. 167 లో యెరూషలేము దేవాలయమున యూదుల బలిని మాన్పించెను. 164 లో యూదు లాలయమును శుద్ధి చేసికొనిరి. హింసింపఁబడు జనమునకు, ఈ ప్రభువు కాలము పరిమితమైనదని చెప్పుటయే యా దర్శనమునకుఁ బని.

ఆ పరిమితి 2300 సాయంప్రాతఃకాలములు. బలి దినమునకు రెండుమాఱులు జరుగును గనుక ఇవి 1150 దినములని కొందఱందురు. అమెరికాలో విలియం మిల్లరను కృషీవలుఁడు మఱియొక దారి త్రొక్కెను. సంఖ్యాకాండమునుండియు యెహెజ్కేలు గ్రంథమునుండియు దినమునకు సంవత్సరమను సూత్రమును తెచ్చి, క్రీ.పూ. 457 మొదలు లెక్కించి, 1843-44 ప్రాంతమున క్రీస్తు మరల వచ్చునని బోధించెను. అన్యుల దస్తావేజులోని నిర్వచనమును మన దస్తావేజున నదుకుట యనఁగా నిదియే. తుదకు 1844 అక్టోబరు 22 వ తేదీ నిశ్చయమయ్యెను. కొందఱు పంటను కోయక పొలముననే విడిచిరి. ఆ దినము గడచెను, ఎవరును రాలేదు.

మిల్లరును పరిహసించుటకు నా మనస్సొప్పదు. తన తప్పును బహిరంగముగా నొప్పుకొన్నవాఁడతఁడు. కాని పొలములో నిలిచిపోయిన పంటకు జవాబు చెప్పవలసినది దర్శనము గాదు, దానిని చదివిన విధము.

దానియేలు మాటయో? దూత యర్థము చెప్పిన పిమ్మటను అతఁడు కొన్నిదినములు రోగియై పడియుండి, పిదప లేచి, రాజు పనిని చక్కఁబెట్టుకొనఁ బోయెనని యా యధ్యాయము ముగియుచున్నది.