ఖాతా తెరవకుండా పాట రికార్డింగ్

ప్రశ్న: వ్యక్తిగత వివరాలు బయటికి పోకుండా కంప్యూటర్‌లో పాట రికార్డు చేసి, మిక్సింగ్ చేసుకునే వీలుందా?

జవాబు: ఉంది. ఆర్డౌర్, ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్, హైడ్రోజన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకు లాగిన్ అక్కర్లేదు. ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తాయి. గాత్రం రికార్డింగుకు, మిక్సింగుకు ఆర్డౌర్. బాణీలు అల్లడానికి ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్. డ్రమ్స్ దరువులకు హైడ్రోజన్ తగినది.

వీటి సోర్స్‌కోడ్ బహిరంగం కనుక లోపల ఏం జరుగుతోందో ఎవరైనా పరిశీలించవచ్చు. ఆ స్వేచ్ఛ విలువ 2021లో తెలిసింది: ఇలాంటిదే మరో స్వేచ్ఛా ఆడియో సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో వాడకం వివరాలు సేకరించాలన్న ప్రతిపాదనను వాడుకరులు గట్టిగా వ్యతిరేకించడంతో నిర్వాహకులు దాన్ని విరమించుకున్నారు.

అయినా జాగ్రత్త అవసరం. ఆర్డౌర్ తెరవగానే సమాచార ప్రకటనల కోసం, ఆడాసిటీ కొత్త వెర్షన్ల కోసం తమ సర్వర్లను సంప్రదిస్తాయి; రెండింటినీ ప్రిఫరెన్సెస్‌లో ఆపేయవచ్చు. ఫైలును ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మెటాడేటాలో పేరు, తేదీ వంటివి మిగలకుండా చూసుకోవాలి.