వినబడని మాటకు రూపము

పిల్లల పుస్తకములో బొమ్మ కథకు అలంకారము మాత్రమే కాదు. అక్షరము చెప్పలేని దానిని సైతము ఒక్కొక్కప్పుడు బొమ్మ చెప్పగలదు. ఈ సత్యమును తన పనిచేత నిరూపించిన చిత్రకారిణి అమెరికా దేశీయురాలగు సీసీ బెల్.

ఆమె 1970వ సంవత్సరమున వర్జీనియా రాష్ట్రమందలి రిచ్‌మండు నగరములో జన్మించి, సేలం పట్టణమున పెరిగెను. నాలుగేండ్ల ప్రాయమున ఆమెకు మెదడు పొరలకు సోకు మెనింజైటిసు అను వ్యాధి వచ్చెను. ప్రాణము దక్కెను గాని వినికిడి చాలవరకు నశించెను. తొలుత ఆమె తనవంటి పిల్లలతో కూడి, ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించుట నేర్చుకొనెను. పిమ్మట సాధారణ పాఠశాలలో చేరెను.

బడిలో ఆ బాలిక ఎదపై పెట్టెవంటి శ్రవణ యంత్రమును ధరించెడిది. దాని తీగలు చెవులవరకు సాగియుండెడివి. ఉపాధ్యాయురాలు మెడలో మైక్రోఫోను వేసికొని పాఠము చెప్పెడిది. ఆ యంత్రమును తోటివారు చూతురని బాలిక సిగ్గుపడెడిది. అయితే దానిలో ఒక వింత కలదు. ఉపాధ్యాయురాలు మైక్రోఫోనును ఆపుట మరచి వెలుపలికి పోయినచో, బడిలో ఎచ్చటనుండి మాటలాడినను ఆ మాటలు బాలికకు వినబడెడివి! ఇతరు లెవ్వరికిని లేని శక్తి తనకు కలదని ఆమె మురిసిపోయెను. చెవిటివారిని ఎగతాళి చేయు ఒక మాటనుండియే ‘ఎల్ డెఫో’ అను వీరనామమును కల్పించుకొని, ఊహలో వీరబాలికయై విహరించెను.

పెద్దదైన పిమ్మట ఆమె విలియం అండ్ మేరీ కళాశాలలోను, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయములోను చిత్రకళ నభ్యసించెను. 2003లో ఆమె వ్రాసి బొమ్మలు వేసిన తొలి పుస్తకము వెలువడెను. ఆపై మరికొన్ని వచ్చెను. కాని చిన్ననాడు దాచుకొన్న దానిని ఎల్లర యెదుట నుంచుటకు ఎంతో ధైర్యము కావలెను. 2014లో ‘ఎల్ డెఫో’ అను పేరుతోనే తన బాల్యమును బొమ్మల కథగా ప్రకటించి ఆమె ఆ ధైర్యము చూపెను.

అందలి పాత్రలన్నియు కుందేళ్లే. కుందేలునకు చెవులు పెద్దవి, వినికిడియు మెండు. అట్టి కుందేళ్ల నడుమ చెవులు వినని కుందేలు ఒక్కతె! ఆ బాలిక ఒంటరితనమును తెలుపుటకు ఇంతకంటె తగిన ఉపాయ మేది?

మరియొక నేర్పు గమనింపదగినది. బొమ్మల కథలో పాత్రల మాటలు బుడగలవంటి గీతల నడుమ వ్రాయబడును. ఈ పుస్తకములో, యంత్రపు బ్యాటరీ బలము తగ్గినప్పుడు ఆ అక్షరములు క్రమముగా వెలిసిపోవును. ఏమియు వినబడనప్పుడు బుడగ ఖాళీగా నుండును. మాట సరిగా తెలియనప్పుడు అర్థములేని అక్షరములు కనబడును. చెవులు చక్కగా నున్న పాఠకుడు సైతము ఆ ఖాళీ బుడగ యెదుట క్షణకాలము తబ్బిబ్బగును. ఆ క్షణమున చెవిటి బాలిక కష్టము అతనికి బోధపడును. ఎంత ఉపన్యసించినను కలుగని తెలివిడి అది.

2015లో ఆ పుస్తకము న్యూబెరీ గౌరవమును, ఐస్నర్ బహుమానమును పొందెను. అయినను చెవిటివారందరి అనుభవము ఒక్కటి కాదనియు, ఇది తన యొక్కతె కథ మాత్రమే యనియు ఆమె గ్రంథాంతమున తెలిపినది.

ఆ బాలికతో కొందరు స్నేహితులు గట్టిగా, మాటలు సాగదీసి పలికెడివారు. అది సాయము కాకపోగా ఆమెను మరింత బాధించెను. వినికిడి తక్కువైన తోటి విద్యార్థి మన ప్రక్కనున్నచో అరువక, జాలి చూపక, ముఖమెదుట నిలిచి మామూలుగా మాటలాడవలెను. అప్పుడే ఆ ఖాళీ బుడగ నిండును.