పులి చూపిన దయ

వెలుగోడునకు తూర్పున నల్లమల యడవి కలదు. అది పెద్దపులుల నివాసము. పులి యనగానే మనకు భయము కలుగును. కాని తెలుగు కథలోని పులికి దయయు కలదు.

అనంతామాత్యుడు రచించిన భోజరాజీయములో నొక గోవు పులి వాతబడెను. ఆకొన్న దూడకు పాలిచ్చి వత్తునని వేడుకొనెను. పులి సెలవొసగెను. గోవు మాట తప్పక మరలి వచ్చెను. పులి మనసు కరగి దానిని విడిచిపెట్టెను.

2023 మార్చిలో నల్లమల చెంత ఆ కథ తారుమారయ్యెను. నంద్యాల జిల్లాలోని పెద్దగుమ్మడాపురమున, తల్లిని ఎడబాసిన నాలుగు పులికూనలు కనబడెను. అటవీశాఖవారు తల్లికై వెదకిరి, ప్రయత్నము ఫలింపలేదు. కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించిరి.

బాలలారా! కథలోని పులి తల్లిని బిడ్డకడకు పంపెను. పులితల్లికిని, దాని కూనలకును అడవిని మిగుల్చుట మన వంతు.