కప్పు విప్పి దించిన మనిషి: సువార్తల్లో స్వస్థత, అధికారం

మన ఛానెల్‌లో భాగవతం, గీత చెప్పుకునే చోట యేసు కథ ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు. కారణం మా ఇంట్లోనే ఉంది.

పోయిన ఏడాది మా నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. టైమ్‌కి హాస్పిటల్‌కి తీసుకెళ్ళగలిగాం, ప్రాణానికి ప్రమాదం తప్పింది, కానీ కుడి చెయ్యి పడిపోయింది. ఇంటికి తెచ్చిన వారంలో ఇద్దరు వచ్చారు. ఒకరు మా దూరపు చుట్టం. మంచం పక్కన కూర్చుని, "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నామో పిన్నీ, అనుభవించాలి కదా" అని వెళ్ళిపోయారు. రెండో ఆవిడ కింద ఫ్లాట్ ఆంటీ, క్రిస్టియన్. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తానన్నారు. నాకు కోపం వచ్చింది. ఇదేదో మతం మార్చే పని అనుకున్నాను. నాయనమ్మ మాత్రం "చెయ్యనీరా, చెయ్యి పట్టుకుంటే తప్పేముంది" అంది. ఆవిడ వెళ్ళాక నన్ను అడిగింది: "పాపాలు క్షమించాడంటోంది కదరా, ఆయనకి ఆ అధికారం ఎవరిచ్చారు?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే చదివాను. చదివితే తెలిసింది ఏంటంటే, సరిగ్గా ఇదే ప్రశ్న ఆ పుస్తకంలోనే ఉంది.

నాలుగు సువార్తల్లో మార్కు ముందుగా రాసిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. గ్రీకు భాషలో, క్రీ.శ. 70 ప్రాంతంలో వచ్చింది. దాని రెండో అధ్యాయం కథ గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న కపెర్నహూము అనే ఊళ్ళో జరుగుతుంది. యేసు ఒక ఇంట్లో ఉన్నాడు, వాకిలి దాకా జనం. పక్షవాతం వచ్చిన ఒక మనిషిని నలుగురు పరుపుతో సహా మోసుకొచ్చారు. లోపలికి దారి లేదు. ఇంటి మీదకెక్కి, కప్పు తవ్వి, అక్కడి నుంచి దించారు. (మార్కు కప్పు తవ్వారంటాడు. అంటే మట్టి కప్పు. లూకా అదే కథలో పెంకులు అంటాడు. ఒకే సంఘటనకి రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు.)

అందరూ ఎదురుచూసేది ఆ మనిషి లేచి నడుస్తాడా అని. యేసు ముందు ఆ మాట ఎత్తడు. నీ పాపాలు క్షమించబడ్డాయి అంటాడు. అక్కడ కూర్చున్న శాస్త్రులు, అంటే ధర్మశాస్త్ర పండితులు, మనసులో అనుకుంటారు: ఇది దైవదూషణ, దేవుడు తప్ప పాపాలు క్షమించగలిగేది ఎవరు? మా నాయనమ్మ ప్రశ్నే! వాళ్ళని మూర్ఖులుగా చూపించడం సులువు, కానీ వాళ్ళు అడిగింది న్యాయమైనదే. వాళ్ళ ధర్మంలో పాపానికి ఒక పద్ధతి ఉంది. యెరూషలేములో ఆలయం, యాజకులు, బలులు. ఇవేవీ లేకుండా ఒక ఊరి ఇంట్లో కూర్చుని ఒకాయన ఆ మాట అనేశాడు.

యేసు ఎదురు ప్రశ్న వేస్తాడు. పాపాలు పోయాయి అనడం సులువా, లేచి పరుపెత్తుకుని నడువు అనడం సులువా? ఇక్కడ కాసేపు ఆగండి. మొదటి మాట ఎవరైనా అనొచ్చు, నిజమో కాదో చూసే మార్గం లేదు. రెండో మాట అంటే తక్షణం తేలిపోతుంది. కనపడని దానికి కనపడే దాన్ని సాక్ష్యంగా పెట్టాడు. పాపాలు క్షమించే అధికారం మనుష్యకుమారుడికి ఉందని మీరు తెలుసుకోవాలని, అంటూ ఆ మనిషిని లెమ్మంటాడు. 'అధికారం' అన్నచోట గ్రీకులో ఉన్న పదం ఎక్సూసియా. ఆ మనిషి లేచి, పరుపెత్తుకుని వెళ్ళిపోతాడు.

మరి అద్భుతం జరిగితే అధికారం రుజువైనట్టేనా? మన సంప్రదాయంలో పెరిగినవాళ్ళకి ఈ అనుమానం రావాలి. అణిమాది సిద్ధులు ఉన్నంత మాత్రాన ఎవరూ భగవంతుడు అయిపోరు. పతంజలి అయితే సిద్ధులు సమాధికి అడ్డం అనే చెప్పాడు. రావణుడికీ శక్తులు తక్కువేం లేవు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏంటంటే, సువార్తలు కూడా ఈ అనుమానాన్ని దాచలేదు. మార్కు మూడో అధ్యాయంలో యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు యేసు దయ్యాలను వెళ్ళగొట్టడం అబద్ధం అనరు. దయ్యాల అధిపతి బలంతో చేస్తున్నాడు అంటారు. అంటే అప్పటి గొడవ "జరిగిందా లేదా" అని కాదు, "ఎవరి అధికారంతో" అని.

ఇంకో తేడా గమనించండి. యూదుల పాత గ్రంథాల్లో ఏలీయా ఒక పిల్లవాడిని బతికించేటప్పుడు దేవుణ్ణి వేడుకుంటాడు. తర్వాతి కాలంలో పేతురు కుంటివాణ్ణి నడిపించేటప్పుడు యేసు పేరు చెప్తాడు. యేసు ఈ కథలో ఎవరి పేరూ చెప్పడు, నేరుగా ఆజ్ఞాపిస్తాడు. మన భాషలో చెప్పాలంటే వాళ్ళది ఇచ్చిన యాక్సెస్, ఈయన వాడింది రూట్ యాక్సెస్. క్రైస్తవులు ఆయన్ని దేవుడనడానికి ఇలాంటి చోట్లే ఆధారం. మీరు నేను ఒప్పుకోనక్కర్లేదు, కానీ వాళ్ళు ఏం చెప్తున్నారో సరిగ్గా తెలియాలి కదా.

ఇక మా చుట్టం మాట సంగతి. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డి ఒకడు కనిపిస్తాడు. శిష్యులు అడుగుతారు: పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా? మన ఇళ్ళల్లో వినపడే ప్రశ్నే. యేసు ఇద్దరూ కాదంటాడు. అలాగని పాపానికీ రోగానికీ సంబంధమే లేదని సువార్తలు అన్నాయనలేం. అదే యోహాను ఐదో అధ్యాయంలో 38 ఏళ్ళ రోగిని బాగుచేశాక, ఇంక పాపం చెయ్యకు, ఇంతకంటే కీడు రావచ్చు అంటాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నాకు కర్మ మీద నమ్మకం ఉంది. కానీ అది నా నడవడి చూసుకోవడానికి ఇచ్చిన లెక్క. మంచంలో ఉన్న మనిషికి చదివి వినిపించే బిల్లు కాదు.

మనలో వాతరోగంతో కదల్లేక గురువాయూర్ వెళ్ళిన మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి ఉన్నాడు కదా. 16వ శతాబ్దం చివర్లో రోజుకొక దశకం చొప్పున 100 దశకాల నారాయణీయం చెప్పాడు, ఆఖరి రోజుకి రోగం పోయిందని సంప్రదాయం. ఆ రోగం కూడా ఆయన పాపం కాదట, గురువుగారిది తన మీదకి తీసుకున్నాడట. అక్కడ స్వామి ఎవరికీ ఏదీ రుజువు చెయ్యడు, భక్తుడు పిలుస్తాడు, ఆయన వింటాడు. సువార్త కథలో మాత్రం మధ్యలో వాదం ఉంది, సభ ఉంది. రెంటినీ ఒకటే అనేస్తే రెంటికీ అన్యాయం.

స్టేజీల మీద స్వస్థతలు చూపించే వాళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. మార్కు మొదటి అధ్యాయంలో కుష్ఠు పోయినవాడితో యేసు ఎవరికీ చెప్పొద్దంటాడు, వెళ్ళి యాజకుడికి చూపించుకోమంటాడు. ప్రచారం వద్దు, పరీక్ష మాత్రం చేయించుకో అని. మైకు పట్టుకుని మందులు మానెయ్యమనే వాళ్ళు, ఏ మతంవాళ్ళైనా, బాబాలైనా, దీనికి ఎంత దూరంలో ఉన్నారో మీరే చూడండి. మేం మందులు ఒక్కపూట కూడా ఆపలేదు. ఫిజియోథెరపీ అబ్బాయి ఇప్పటికీ వస్తున్నాడు. ఆంటీ కూడా వస్తున్నారు. ఆవిడ ప్రార్థించుకున్నంతసేపూ నాయనమ్మ ఎడమ చేత్తో విష్ణు సహస్రనామం పుస్తకం పట్టుకునే ఉంటుంది.

ఆ రెండో అధ్యాయం నాయనమ్మకి చదివి వినిపించాను, మొదటి 12 వచనాలే. అధికారం గురించి ఇంత ఆలోచించి పెట్టుకున్నాను కదా, అదేమైనా అడుగుతుందేమో అనుకున్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మోసుకొచ్చిన ఆ నలుగురి పేర్లు రాయలేదా?" అంది. లేదన్నాను. "పోనీ, ఆ ఇంటి కప్పు మళ్ళీ ఎవరు వేశార్రా?"

అదీ రాయలేదు.